చెప్పిన మాట వినడం లేదా, వినిపించడం లేదా?

తల్లిదండ్రులకు నమస్కారాలు.

ఇటీవల ఒక విద్యార్థి డిక్టేషన్ పుస్తకం నా బల్ల మీదికి వచ్చింది. ఆ బిడ్డ తల్లిదండ్రుల అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. చేతిరాత ముత్యాల్లా ఉంది కానీ ‘కల’ అని చెప్పిన చోట ‘తల’, ‘సబ్బు’ అని చెప్పిన చోట ‘డబ్బు’ అని ఉంది, పేజీ చివర ఎర్ర సిరాతో ‘ధ్యాస లేదు’ అని మేము రాసిన మాట ఉంది. ముందు బెంచీకి మార్చగానే తప్పులు తగ్గాయి. వైద్యులు పరీక్షిస్తే రెండు కర్ణభేరుల వెనుక ద్రవం నిలిచి ఉన్నట్లు తేలింది. ఆ ఎర్ర సిరా మాట మేము రాయకుండా ఉండవలసింది.

మధ్య చెవిలో ఉండవలసింది గాలి. ఆ గాలి ముక్కు వెనుక భాగం నుంచి యూస్టేషియన్ నాళం గుండా చేరుతుంది. పిల్లల్లో ఈ నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి, జలుబు చేసినప్పుడో, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు వాచినప్పుడో అది సులువుగా మూసుకుపోయి, లోపల ద్రవం చేరి, ఒక్కొక్కసారి జిగురులా చిక్కబడుతుంది. నొప్పి, జ్వరం సాధారణంగా ఉండవు కనుక ఎవరికీ అనుమానం రాదు. పైగా వినికిడి ఒకరోజు బాగుండి మరొకరోజు మందగిస్తుంది, దాంతో ‘కావాలనుకుంటే బాగానే వింటాడు’ అనే నింద ఆ బిడ్డ మీద పడుతుంది. చాలామందిలో ఇది 3 నెలల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యులు వినికిడి పరీక్ష చేసి, అవసరమైతే కర్ణభేరిలో చిన్న గొట్టం అమర్చే విషయం ఆలోచిస్తారు.

టీవీ శబ్దం పెంచుతున్నా, మాటిమాటికీ ‘ఏంటి?’ అని అడుగుతున్నా, వెనుక నుంచి పిలిస్తే పలకకపోయినా దయచేసి కోప్పడే ముందు చెవి చూపించండి. నోటితో ఊపిరి తీయడం, రోజూ గురక పెట్టడం కూడా వైద్యులకు చెప్పవలసిన విషయాలే. రాత్రి నిద్ర సరిగా పట్టని పిల్లలు మొదటి పీరియడ్‌లోనే తూగుతుంటారు.

గొంతునొప్పి ఎక్కువగా వైరస్‌ల వల్ల వస్తుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అయితే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వల్ల వచ్చిందని వైద్యులు చెప్పి మందు ఇస్తే, నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకండి. ఆ ఇన్ఫెక్షన్‌కు చికిత్స అందకపోతే కొందరిలో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి.

ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకండి. కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. బడిలో మేమూ అలాగే చేస్తాము. గులిమి చెవికి రక్షణ, దాన్ని బడ్స్‌తో తీయబోతే మరింత లోపలికి పోతుంది. ఒకవేళ చిన్న బటన్ బ్యాటరీ ముక్కులోనో చెవిలోనో ఇరుక్కుంటే మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు. కొద్ది గంటల్లోనే అది లోపలి కణజాలాన్ని కాల్చేస్తుంది కాబట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మీ బిడ్డ వినికిడి మీద ఏ కాస్త అనుమానం ఉన్నా డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి. వైద్యుల రిపోర్టు వచ్చేదాకా ఎదురుచూడకుండా, ఆ రోజే ముందు బెంచీలో చోటు ఇస్తాము. ఆ బిడ్డ వైపు తిరిగి, ముఖం కనిపించేలా మాట్లాడమని ఉపాధ్యాయులందరికీ ఇప్పటికే చెప్పాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు