ఈసారి చీరల ఎరుపు గురించి

పెడన నుంచి నమస్కారం.

గత నెలలో మా దగ్గర ఎర్ర పువ్వుల చీరలు, దుప్పట్లు తీసుకున్నవారిలో చాలామంది ఒకే మాట రాశారు: ఫోటోలో చూసిన ఎరుపు వేరు, ఇంటికి వచ్చిన ఎరుపు వేరు అని. మొదట రాసిన ఇద్దరు ముగ్గురికి "ఫోను తెర మీద రంగు కొంచెం తేడాగా కనిపిస్తుందండీ" అని జవాబిచ్చాను. ఆ జవాబు అబద్ధం. తేడా గుడ్డలోనే ఉంది. దానికి కారణం పటిక, ఆ పటికను బేరమాడి తెచ్చింది నేను.

అద్దకం పని చూడనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. మేము గుడ్డ మీద ఎర్రరంగు వేయం, పటిక అద్దుతాం. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, పటిక నీళ్లలో తుమ్మజిగురు కలిపి అచ్చుతో వేస్తాం. అది కంటికి ఆనదు కాబట్టి ఆనవాలుకు చిటికెడు రంగు కలుపుకుంటాం. నాలుగైదు రోజులు ఆరాక కాలవ నీటిలో జాడించి, రాగి కాగులో మంజిష్ఠ వేరు, జాజి ఆకు వేసి ఉడికిస్తాం. పటిక పడిన చోట ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట ఉతుకులో పోతుంది. నల్ల గీతల సంగతి వేరు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన నీళ్లు అవి. కరక్కాయ తగలగానే నల్లబడతాయి.

ఎప్పుడూ కొనే చోట ఈసారి పటిక ధర పెరిగింది. కిలోకు పది రూపాయలు తక్కువ అన్నారని వేరే చోటి నుంచి రెండు బస్తాలు తెచ్చాను. గడ్డలు పైకి పలుగురాళ్లలా తెల్లగానే ఉన్నాయి. పగలగొడితే మాత్రం లోపల అక్కడక్కడా లేత పసుపు చార. చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

మా బాబాయి నలభై ఏళ్లుగా కాగు దగ్గరే ఉన్నారు. గుడ్డ పైకి తీసి, నీళ్లు పిండి, వెలుతురుకు పట్టి చూసి "పటిక మార్చావురా?" అని మాత్రం అడిగారు. రెండు గాజు గ్లాసులు తెప్పించి ఒకదానిలో పాత పటిక, రెండోదానిలో కొత్తది కరిగించి, రెండింటిలోనూ చెంచాడు కరక్కాయ కషాయం పోశారు. పాతది లేత పసుపు నీళ్లలా ఉండిపోయింది. కొత్తది నేను చూస్తుండగానే మబ్బు పట్టినట్టయి, కాసేపటికి పలచటి సిరాలా మారింది. అందులో ఇనుము ఉంది. గీతల్లో ఉండాల్సిన నలుపు పువ్వుల్లోకి చేరి ఎరుపును కాఫీ రంగు వైపు లాగేసింది. ఆ రంగు గట్టిదే, వెలవదు. కానీ మీరు డబ్బు పెట్టింది ఆ రంగుకు కాదు.

ఇదే తంటా ఎంతోమంది పడ్డారని తెలిశాక కాస్త ఊరట కలిగింది. 1453లో కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) తురుష్కుల వశమయ్యాక యూరప్ అద్దకపువారికి పటిక దొరకడం కష్టమైంది, ధర పెరిగింది. ఆ నగరంలో అంతకుముందు బట్టల అద్దకం వ్యాపారం చేసిన జొవాన్ని ద కాస్త్రో 1461లో రోముకు దగ్గర్లోని తోల్ఫా కొండల్లో తిరుగుతూ ఒక తెల్లరాయిని కొరికి చూశాడట, ఉప్పగా తగిలిందట. అదే పటిక రాయి. ఈ ముచ్చటను స్వయంగా అప్పటి క్రైస్తవ మతగురువు పోప్ రెండో పయస్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. తర్వాత తురుష్కుల పటిక కొన్న క్రైస్తవులను మతం నుంచి వెలివేస్తామనే దాకా వెళ్లింది వ్యవహారం. అయితే నాకు పనికొచ్చిన ముక్క వేరే ఉంది: తోల్ఫా పటికలో ఇనుము బాగా తక్కువ. అందుకే యూరప్ అద్దకపువారు శతాబ్దాల తరబడి "రోము పటిక" అని పేరు పెట్టి అడిగి మరీ, ఎక్కువ ధర ఇచ్చి కొన్నారు. నేను పది రూపాయల దగ్గర మర్చిపోయింది సరిగ్గా ఇదే.

ఇంగ్లండులో యార్క్‌షైర్ తీరాన 17వ శతాబ్దం నుంచి పటిక తీశారు. కొండరాయిని నెలల తరబడి కాల్చి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను కాచి, అందులో మనుషుల మూత్రం పోసేవారు. దాన్ని పీపాల్లో పట్టి లండన్ నుంచి ఓడల్లో తెప్పించేవారు! నీళ్లు చాలినంత చిక్కబడ్డాయో లేదో తెలియడానికి కోడిగుడ్డు వేసి చూసేవారు, తేలితే సరే. మా కాగుల దగ్గర వాసనకు ముక్కు మూసుకునే అతిథులకు ఈ కథ చెబుతుంటాను.

మన మచిలీపట్నం రేవు నుంచి పోయిన అద్దకం గుడ్డల మీద 1686లో ఫ్రాన్సు నిషేధం పెట్టింది, 1700లో ఇంగ్లండు చట్టం చేసింది. అక్కడి నేతగాళ్ల గోల అది. ఎంత ఉతికినా పోని ఆ ఎరుపు వెనక ఉన్నది పటికే.

ఒకావిడ ఫోన్ చేసి, చంటిపిల్ల దుప్పటి అంచు నోట్లో పెట్టుకుంటోంది, పటికబెల్లమే కదా ఫరవాలేదా అని అడిగారు. అమ్మా, పేరు కలిసిందే తప్ప ఆ రెండింటికీ చుట్టరికం లేదు. ఇది నీళ్లు తేర్చే పటిక, గుమ్మానికి దిష్టికి కట్టే పటిక. చాలాసార్లు ఉతికాకే గుడ్డ మీ దాకా వస్తుంది, అయినా పాప చేత నమలనివ్వకండి.

మరొకటి కూడా ఒప్పుకోవాలి. ఇప్పుడు బజారులో దొరికే పటికలో చాలామటుకు గనిలోంచి తీసింది కాదు, బాక్సైటును గంధకామ్లంతో కలిపి ఫ్యాక్టరీలో చేసింది. గుణం ఒకటే, శుభ్రంగా చేస్తే ఇంకా మేలు. కానీ మా చీటీల మీద "నూటికి నూరుపాళ్లు ప్రకృతి నుంచే" అని అచ్చు వేయించాను. ఆ చీటీలు తీసేస్తున్నాను. ఇకపై "మంజిష్ఠ, కరక్కాయ, పటిక" అని మాత్రమే ఉంటుంది.

ఆ రెండు బస్తాల్లో సగం బస్తాతోనే 46 చీరలు, 19 దుప్పట్లు అద్దాం. తిరిగి పంపేవారికి పూర్తి డబ్బు, కొరియరు ఖర్చు నాదే. ఉంచుకునేవారికి ధరలో మూడో వంతు వెనక్కి ఇస్తాను. కొత్త అద్దకం పాత చోటి పటికతోనే మొదలైంది. ఎండ కాసి, కాలవకు నీళ్లు వదిలితే మూడు వారాల్లో పంపుతాను. లేకపోతే ఆలస్యం అవుతుంది, ఆ సంగతి కూడా ముందే రాస్తాను. ఇకమీదట ప్రతి బస్తా కరక్కాయ గ్లాసు దాటాకే లోపలికి వస్తుంది.

మిగిలిన బస్తాన్నర మూల పడి ఉంది. మా వీధి మంగలి షాపాయన రెండు గడ్డలు ఏరుకుని పట్టుకెళ్లాడు. గడ్డం గీశాక రాయడానికి ఏ పటికైనా ఒకటేనట.