తుపాకీ మరమ్మతు శిక్షణపై హోంశాఖ ముఖ్య కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల తయారీకి, అమ్మకానికే కాక మరమ్మతుకూ లైసెన్సు తప్పనిసరి. ఈ కట్టుబాటు సరైనదే. కాని ఆ లైసెన్సు కోరే యువకుడు పని ఎక్కడ నేర్చుకోవాలన్నదే మా ప్రశ్న.

ఎన్నికలప్పుడు పోలీసు స్టేషనులో అప్పగించిన 12 బోర్ జంట గొట్టాల తుపాకీ తిరిగి చేతికొచ్చేసరికి గొట్టంలో తుప్పు, కీలు దగ్గర వదులు కనిపిస్తే, దాన్ని సరిచేసేవారు వృద్ధులైన కొద్దిమందే. ఐటీఐ ఫిట్టరుకు ఆకురాయి పట్టడం వచ్చు. తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను అరిగితే ఎంత పొడవుండాలో, గొట్టం మూతపడే చోట ఎంత సందు ప్రమాదమో అతనికి ఎవరు చెప్పాలి? (మునుపు తండ్రి చెప్పేవాడు, ఇప్పుడు ఆ కొడుకులు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు.)

కనుక, రిటైరైన పోలీసు ఆర్మరర్ల (పోలీసు శాఖ ఆయుధాలను బాగుచేసేవారి) చేత, పేల్చడానికి వీలులేని తుపాకులపై శిక్షణ ఇప్పించి, లైసెన్సున్న దుకాణంలో అప్రెంటిస్‌గా చేరేవారి పేరును పోలీసు రికార్డులో నమోదు చేసి, ఆ అనుభవాన్ని దరఖాస్తులో అర్హతగా పరిగణించేలా లిఖితపూర్వక ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం కూడా రాతలోనే తెలపాలి.

భవదీయుడు,
ఒక లైసెన్సుదారు