టైంటేబుల్ వేసినవారిని అడగకుండానే సాఫ్ట్‌వేరా?

సంపాదకులకు నమస్కారం.

మన విశ్వవిద్యాలయంలోనూ, అనుబంధ కళాశాలల్లోనూ టైంటేబుల్ తయారీకి ఒకే సాఫ్ట్‌వేర్ కొనబోతున్నారనీ, అందులో ఏమేం ఉండాలో చెప్పే ముసాయిదాను ఒక కమిటీ సమీక్షిస్తోందనీ, సలహాలకు పక్షం రోజులు గడువిచ్చారనీ మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. అప్పుడే రాయవలసింది గానీ, ఆ ముసాయిదా నా కంటబడేసరికి గడువులో సగం గడిచిపోయింది. వెబ్‌సైటులో టెండర్ల విభాగంలో, ప్రహరీ గోడ మరమ్మతు ప్రకటనకూ జనరేటరుకు డీజిల్ సరఫరా ప్రకటనకూ నడుమ దాన్ని పెట్టినవారి ఉద్దేశం అందరూ చదివి సలహాలివ్వాలన్నదే అయితే, వారి శ్రద్ధను మెచ్చుకోవలసిందే.

ముసాయిదాలో కోరికలకు మాత్రం కొదవ లేదు. మొబైల్ యాప్ ఉండాలట, కృత్రిమ మేధ ఉండాలట, ముఖం గుర్తుపట్టి హాజరు వేయాలట, ఉపకులపతి గారి గదిలోని తెర మీద రంగురంగుల పటాలు కనిపించాలట. అసలు పని గురించి ఉన్నది ఒక్కటే వాక్యం: ‘క్లాష్‌లు లేకుండా చూడాలి’. ఎవరికి క్లాష్? అధ్యాపకుడికా, గదికా, విద్యార్థికా? మొదటి రెండింటినీ ఓపిక ఉన్న గుమస్తా ఎవరైనా ఎక్సెల్ షీటులోనే పట్టేస్తాడు. చిక్కంతా మూడోదానితోనే. 2023-24లో మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి సింగిల్ మేజర్ విధానం, అంటే ఒక ప్రధాన సబ్జెక్టూ (మేజర్) దానికి తోడు మరో ఉప సబ్జెక్టూ (మైనర్) చదివే పద్ధతి, వచ్చిన తరువాత, మేజర్ పీరియడ్‌లో ఒకే గదిలో కూర్చున్న విద్యార్థులు మైనర్ పీరియడ్ వచ్చేసరికి తలో శాఖకూ వెళ్లవలసి వస్తోంది. అందువల్ల మైనర్ పీరియడ్ కళాశాల అంతటికీ ఒకే సమయంలో ఉండాలి, లేదా ఎవరు ఏ మైనర్ తీసుకున్నారో పేరుపేరునా సాఫ్ట్‌వేర్‌కు తెలిసి ఉండాలి. ఈ రెండు పద్ధతుల్లో ఏది కావాలో ముసాయిదా తేల్చలేదు. ఫిజిక్స్ మేజర్ ల్యాబూ కంప్యూటర్స్ మైనర్ క్లాసూ ఒకే సమయంలో పడితే ఏదో ఒకటి వదులుకోవలసినది విద్యార్థే, ఆఖరున హాజరు చాలలేదని కండొనేషన్ ఫీజు కట్టవలసినదీ ఆ విద్యార్థే.

నేను గణితం బోధిస్తూ చాలా ఏళ్లపాటు మా కళాశాల టైంటేబుల్ ఇన్‌ఛార్జిగా పనిచేశాను గనుక ఈ మాత్రం చనువు తీసుకుంటున్నాను. స్టాఫ్‌రూమ్ గోడకు అంటించిన పెద్ద చార్టు మీద పెన్సిల్‌తో రాసేవాళ్లం. చెరిపి చెరిపి సోమవారం గడుల దగ్గర కాగితం పలచబడిపోయేది. కెమిస్ట్రీ ల్యాబ్‌లో బల్లలు సగం సెక్షన్‌కే సరిపోయేవి. కాబట్టి ఎంపీసీ సెక్షన్‌ను రెండు బ్యాచ్‌లు చేసి, ఒక బ్యాచ్ అక్కడున్న మూడు గంటలూ రెండో బ్యాచ్‌కు ఫిజిక్స్ ల్యాబ్ వేయాలి. ఆ మూడు గంటలూ వరుసగా ఉండాలి, నడుమ భోజన విరామం రాకూడదు, రెండు ల్యాబ్‌లకూ ఉన్న ఒక్క అటెండరు ఆ రోజు సెలవులో ఉండకూడదు. గెస్ట్ ఫ్యాకల్టీగా వచ్చేవారు వారంలో మిగతా రోజులు వేరే కళాశాలలో పాఠాలు చెప్పుకునేవారు గనుక వారి పీరియడ్లన్నీ రెండు రోజుల్లోనే సర్దాలి. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు సాయంత్రం బస్సు తప్పితే మరొకటి లేదు. వీటిలో కొన్ని తప్పనిసరిగా పాటించవలసినవి, కొన్ని వీలైనంతవరకు చూడవలసినవి. ఈ తేడా రాయని ముసాయిదా ఎన్ని పేజీలున్నా అసంపూర్ణమే.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కూ ప్రొఫెసర్‌కూ 14 గంటల బోధన ఉండాలి. ముసాయిదాలో అందరికీ ఒకే అంకె వేశారు. లిఫ్టు లేని భవనంలో చక్రాల కుర్చీ వాడే విద్యార్థి ఉన్న సెక్షన్‌కు కింది అంతస్తులోనే గది ఇవ్వాలన్న మాట ఎక్కడా కనిపించలేదు. దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది ‘ఒక్క మీట నొక్కగానే కొత్త టైంటేబుల్’ అన్న షరతు. సెమిస్టర్ మధ్యలో ఒక అధ్యాపకురాలు ప్రసూతి సెలవు మీద వెళితే కళాశాల మొత్తానికీ కొత్త టైంటేబుల్ ఎందుకు? కదిలించక తప్పని పీరియడ్లను మాత్రమే కదిలించి, మిగిలినవాటిని ఉన్నచోటే ఉంచడం కావాలి. అడ్మిషన్లు సాగిసాగి సెక్షన్ల సంఖ్య నెల తరువాత మారే మన దగ్గర ఈ అవసరం ప్రతి ఏటా వస్తుంది. ఈ సంగతి కమిటీలోని ఫైనాన్స్ ఆఫీసరు గారికీ, కంప్యూటర్ సెంటర్ డైరెక్టరు గారికీ, బయటి నుంచి పిలిపించిన కన్సల్టెంటు గారికీ తెలియకపోవడంలో వింత లేదు. టైంటేబుల్ వేసినవారిని ఒక్కరినైనా ఆ కమిటీలో కూర్చోబెట్టాలని ఎవరికీ తోచకపోవడమే వింత.

మన అధికారులకు కొనడంలో ఉన్న హుషారు వాడడంలో కనిపించదు. బయోమెట్రిక్ యంత్రాలు కొన్నారు, అవి కారిడార్లలో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఫలితాల పోర్టల్ కొన్నారు, సరిగ్గా ఫలితాల రోజునే అది మొరాయిస్తుంది. ఇక శాఖల్లో ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పోస్టుల సంగతి ఎత్తితే ఫైలు సచివాలయంలో ఉందంటారు. అధ్యాపకుడే లేని సబ్జెక్టుకు సాఫ్ట్‌వేర్ పీరియడ్ వేయగలదు గానీ పాఠం చెప్పించలేదు కదా.

టైంటేబుల్ సమస్య ఎంత జటిలమైనదో 1976లోనే ఈవెన్, ఇటాయ్, షమీర్ అనే ముగ్గురు గణితపరంగా నిరూపించారు. ఎంత పెద్ద సమస్యకైనా నిమిషంలో అత్యుత్తమ పరిష్కారం ఇస్తామనే కంపెనీ మాటను అందుకే పరీక్షించకుండా నమ్మకూడదు. టెండరు వేసిన ప్రతి కంపెనీకీ గత బేసి సెమిస్టర్ వివరాలు, ఒక క్యాంపస్ శాఖవీ ఒక గ్రామీణ కళాశాలవీ, ఉన్నవి ఉన్నట్టుగా ఇచ్చి టైంటేబుల్ వేయించాలి. ఆయా కళాశాలల ఇన్‌ఛార్జులే దాన్ని దిద్దాలి. తక్కువ ధర ఎవరిదన్నది ఆ తరువాత చూడవచ్చు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాడుతున్న యూనీటైమ్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లను కమిటీ అసలు పరిశీలించిందో లేదో కూడా చెప్పాలి. ఒప్పందం ముగిశాక మన వివరాలన్నీ మన చేతికి తిరిగివచ్చే షరతు రాతపూర్వకంగా ఉండాలి.

గడువును మరో నెల పొడిగించి, ముసాయిదా ప్రతిని ప్రతి కళాశాల నోటీసు బోర్డులో పెట్టించి, టైంటేబుల్ ఇన్‌ఛార్జులను ఒక రోజు పిలిపించి మాట్లాడవలసిందిగా రిజిస్ట్రారు గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వారికి ఆ రోజుకు ఆన్‌డ్యూటీ ఇవ్వడం మరవవద్దనీ మనవి.

— ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు