రేపటి బేస్‌బాల్ ప్రాక్టీస్: బ్యాటింగ్ అడుగు మీదే

రేపు పొద్దున 6కి బీఆర్ స్టేడియం. గుంటూరు ఎండ ముదరకముందే ముగిద్దాం.

చాలామంది బాల్ మీదికి దూకుతున్నారు, క్రికెట్ ఫ్రంట్‌ఫుట్ అలవాటు మరి! అందుకే రేపు పిచింగ్ (బాల్ విసరడం) లేదు, బాల్‌ని టీ (నిలబెట్టే స్టాండ్) మీద పెట్టి కొట్టడమే. ముందు కాలు చిన్నగా వేసి, మునివేళ్ల మీద మెత్తగా దిగి, అక్కడే ఆగాలి. ఒకటి, రెండు అనుకున్నాక మడమ ఆనించి స్వింగ్. ఆగినప్పుడు బరువు ముందు కాలి మీదికి వచ్చేసిందా? అడుగు పెద్దదైనట్టే. తల కదలకూడదు. పక్కవాళ్లు వీడియో తీయండి.

తర్వాత అసలు అడుగే వేయకుండా కాసేపు కొడదాం. బోర్ అనకండి. జపాన్ బేస్‌బాల్ స్టార్ ఓహ్తానీ కూడా 2018లో కాలెత్తడం మానేసి, మునివేలు తాకించే పద్ధతికి మారాడు. ఆ సీజన్‌లో 22 హోమ్‌రన్లు.

చెప్పులతో రావద్దు. మజ్జిగ నేను తెస్తా.