విషయం: మీ రన్నింగ్ యాప్‌లో తప్పు కేలరీల లెక్క, తేలిక వారం లేని ప్లాన్ - సవరణ, చందా వాపసు గురించి

అమలాపురం

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

ముప్పై దాటినవాళ్లు పరుగుతో బరువు తగ్గడానికంటూ మీరు అమ్ముతున్న ప్లాన్‌కి ఏడాది చందా కట్టిన కోనసీమవాళ్లం. తప్పంతా కేలరీల లెక్కలో మొదలవుతోంది.

చదును నేల మీద పరుగుకు కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ ఖర్చు. 80 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరిగెత్తితే 400. ఆ కాసేపు ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేది కూడా అందులోనే ఉంది. మా కాలవగట్ల మీద ఎక్కడానికి మెరకలూ లేవు. మీ యాప్ మాత్రం 640 చూపించి, అంతమేరా అదనంగా తినొచ్చంటోంది. రోజుకి 300 తగ్గించి తినమన్నది మీరే. పరిగెత్తిన రోజున అందులో 240 ఇలాగే పోతుంది. రెండు వారాలకి తూకం కదలకపోతే యాప్ తిండిని ఒక్కసారిగా 1200 కేలరీలకి దించి, అదే వారం దూరం పెంచేస్తుంది. ఒళ్లు కోలుకోవడానికి తిండి కావలసిన వారంలోనే తిండి కోసేయడమిది.

దమ్ము, గుండె కొన్ని వారాల్లో అలవాటుపడతాయి. ఎముకలకి, మడమ వెనక ఉండే టెండన్‌కి నెలలు పడుతుంది. ఏళ్లతరబడి కుర్చీకి అతుక్కున్న ఒళ్లయితే మరీను. మీరు వారానికి 12 కిలోమీటర్లతో మొదలెట్టి నాలుగో వారానికే 26 చేయిస్తున్నారు. మూడు వారాలు దూరం మెల్లగా పెంచి, నాలుగో వారం మూడోవంతు తగ్గించి తేలిక వారం ఇవ్వాలి. నొప్పి బటన్ నొక్కితే "ఐస్ పెట్టి రేపు కొనసాగించండి" అనే సమాధానం ఇంకా ప్రమాదం. మోకాలి కింద ముందువైపుండే ముంగాలి ఎముక మీద వేలితో నొక్కినప్పుడు ఒకేచోట పోటు పెడితే అది సన్నటి పగులు కావచ్చు. పరుగు ఆపి ఎముకల డాక్టరుకి చూపించుకోమని అక్కడ రాయాలి.

ఉక్కపోత సంగతి యాప్‌కి అసలు తెలియదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. దాన్ని యాప్ ఫిట్‌నెస్ పడిపోయిందనుకుని మరో స్పీడ్ సెషన్ తగిలిస్తోంది! మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదించమనాలి. పరుగుకి ముందూ తరవాతా తూకం చూసుకుని, తగ్గిన కిలోకి లీటరు చొప్పున నీళ్లో ఉప్పేసిన మజ్జిగో కొద్దికొద్దిగా తాగమనాలి.

ఆహార పట్టికలో అవకాడో, క్వినోవా తీసేసి గుడ్లు, పప్పు, రొయ్యలు, చేపలు గ్రాముల్లో పెట్టండి.

లెక్క సరిచేసేదాకా 1200 కేలరీల సూచన ఆపేయండి. మిగిలిన నెలల చందా 15 రోజుల్లో వాపసు ఇవ్వండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళతాం. యాప్ తెరల ఫొటోలు, చెల్లింపు రసీదులు జతచేశాం.

ఇట్లు,
మీ చందాదారులు