తలమీద ఉంది సరే, పట్టీ పెట్టారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

‘హెల్మెట్ ఉన్నా దక్కని ప్రాణం’ అనే హెడ్డింగు ఏడాదికి నాలుగైదు సార్లయినా పేపర్లో కనిపిస్తుంది. కింద ఫొటో ఉంటుంది. పడిపోయిన బండి, చుట్టూ జనం, ఎక్కడో పది అడుగుల దూరంలో హెల్మెట్. ఆ హెల్మెట్ మీద పెద్దగా గీతలు కూడా ఉండవు. అది చూసి మా ఆఫీసులో ఒకాయన ప్రతిసారీ అనే మాట ఒకటే, “పెట్టుకున్నా పోయాడుగా, ఇంకెందుకయ్యా ఆ బరువు?” నేను అదే ఫొటో చూసి ఇంకోటి అనుకుంటాను. మనిషి ఇక్కడ, హెల్మెట్ అక్కడ ఉన్నాయంటే తల రోడ్డుకి తగిలేటప్పటికి అది తలమీద ఉందా అసలు? పట్టీ పెట్టుకున్నాడా, పెట్టుకున్నా సైజు వదులై జారిపోయిందా? వార్తలో ఆ ఒక్క ముక్క మాత్రం ఎప్పుడూ ఉండదు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం నేను కూడా పడ్డాను. పన్నెండేళ్లు బండి నడిపి ఒక్కసారీ పడనివాణ్ణి, పోయినేడు మలుపు తిరుగుతుంటే ఇసక మీద ముందు చక్రం జారింది. స్పీడు మహా అయితే ముప్పై. మోకాలు చెక్కుకుపోయింది, తల వెనక భాగం ఠప్పున రోడ్డుకి కొట్టుకుంది. లేచాను, బండి లేపుకున్నాను, ఇంటికొచ్చి హెల్మెట్ చూస్తే బొటనవేలంత గీత తప్ప ఏమీ లేదు. పర్లేదు, గట్టి సరుకే అనుకుని ఇంకో మూడు వారాలు అదే పెట్టుకుని తిరిగాను. ఒక ఆదివారం ఉతుకుదామని లోపలి గుడ్డ ఊడదీస్తే అప్పుడు కనపడింది. గీత ఉన్నచోటే సరిగ్గా లోపలివైపు థర్మోకోల్ పొర నొక్కుకుపోయి, వేలు పెడితే దిగేంత గుంట పడింది, దాని నుంచి చెవి దాకా వెంట్రుకంత సన్నటి పగులు. అంటే ఆ మూడు వారాలు నేను మోసింది ఒక డొప్పని.

మనం కొనేటప్పుడు చేసే తప్పు కూడా ఇదే. పైనున్న డొప్పని వేలితో కొట్టి చూస్తాం, రంగు చూస్తాం, అద్దం చూస్తాం. తలని కాపాడే పని ఎక్కువ భాగం లోపలున్న ఆ థర్మోకోల్‌ది. దెబ్బ తగిలినప్పుడు డొప్ప దాన్ని ఒకేచోట దిగనీయకుండా చుట్టూ పరుస్తుంది, లోపలి పొర నలుగుతూ తలని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా ఆపుతుంది, ఆ ఆలస్యమే మెదడుకి మిగిలే లాభం. నలిగిన పొర మళ్లీ లేవదు, కాబట్టి ఒక్క గట్టి దెబ్బతో దాని పని అయిపోయినట్టే. ఇదేం కొత్త విషయం కూడా కాదు, ఇలా నలిగే పొర ఉన్న హెల్మెట్‌కి అమెరికాలో లంబార్డ్, రాత్ అనే ఇద్దరికి 1953లోనే పేటెంట్ వచ్చింది. (హెల్మెట్‌ని బండి అద్దానికి తగిలించే అలవాటు ఉన్నవాళ్లు ఒకసారి లోపల వేలు పెట్టి తడమండి. అద్దం కొన గుచ్చుకుని పొర గుంటలు పడి ఉండొచ్చు, అది కూడా నష్టమే.)

“గంటకి ఎనభైలో పోతాను, ఆ స్పీడులో ఏ హెల్మెట్టయినా ఏం చేస్తుంది?” అనేవాళ్లున్నారు. వాళ్లకి ఇంకో ఆయుధం కూడా ఇస్తాను. యూరప్ పాత ప్రమాణం ఈసీఈ 22.05లో హెల్మెట్‌ని ఇనుప దిమ్మె మీదికి సెకనుకి 7.5 మీటర్ల వేగంతో పడేస్తారు, లెక్కేస్తే గంటకి 27 కిలోమీటర్లే. ఇంతేనా అని నవ్వకండి. బండి ఎంత వేగంలో ఉన్నా, దాని మీంచి పడినప్పుడు తల కిందికి దిగేది మన కూర్చున్న ఎత్తు నుంచే, ముందుకు పోయే వేగం చాలామటుకు జారడంలో, దొర్లడంలో పోతుంది. నేరుగా గోడకో లారీకో గుద్దుకుంటే అది వేరే సంగతి, అక్కడ ఏ హెల్మెట్టూ హామీ ఇవ్వదు. కొత్త ప్రమాణం 22.06లో ఆ వేగంతో పాటు సెకనుకి 8.2 మీటర్ల దగ్గరా, 6 మీటర్ల దగ్గరా కూడా పరీక్షిస్తారు. ఎందుకంటే పెద్ద దెబ్బకి ఆగాలని పొరని మరీ గట్టిగా చేస్తే చిన్న దెబ్బకి అది నలగనే నలగదు, దెబ్బంతా తలకే వస్తుంది. నాలాగా ముప్పైలో పడేవాళ్లకి కావాల్సింది ఆ 6 మీటర్ల పరీక్ష. ఇంకా ఏటవాలు దిమ్మె మీద పడేసి తల ఎంత గిర్రున మెలితిరుగుతుందో కూడా అందులో చూస్తున్నారు, మెదడుకి ఆ మెలిక చాలా చెడ్డది.

గుర్తుల సంగతి త్వరగా చెప్పేస్తాను. యూరప్ హెల్మెట్ పట్టీకి చిన్న గుడ్డముక్క కుట్టి ఉంటుంది, దానిమీద గుండ్రంలో ఇంగ్లిష్ ‘ఇ’ (E) అక్షరం, పక్కన దేశం నంబరు, తర్వాత అనుమతి నంబరు. అందులోనే పి అని ఉంటే గడ్డం ముందున్న కమ్మీని కూడా పరీక్షించినట్టు, జె అంటే గడ్డానికి కమ్మీ లేని రకం, ఎన్‌పి అని ఉంటే కమ్మీ ఉన్నా అది రక్షణ కోసం కాదు, చూడ్డానికి మాత్రమే. అమెరికా రవాణా శాఖ పేరుతో ఉండే డాట్ (DOT) గుర్తుని తయారుచేసినవాడే పరీక్షించుకుని తనే అతికించుకుంటాడు, ప్రభుత్వం తర్వాత మార్కెట్లో కొన్ని కొని చూస్తుంది. భారత్‌లో ఐఎస్ 4151 నంబరుతో ఐఎస్ఐ ముద్ర ఉండాలి, 2021 జూన్ నుంచి ఆ ముద్ర లేనిది అమ్మడమే నేరం. ఏ దేశమైనా సరే, స్టిక్కరొక్కటే చూసి నమ్మొద్దు. స్టిక్కర్లు విడిగా కూడా దొరుకుతాయి. పట్టీ, కుట్టు, లోపలి పొర మందం, తయారైన తేదీ చూడాలి. అంతా కలిపి రెండు నిమిషాల పని.

సైజు దగ్గరే నేను మోసపోయింది. మొదటి హెల్మెట్ కొన్నప్పుడు బుగ్గలు నొక్కుతున్నాయి అన్నాను, షాపు కుర్రాడు వెంటనే ఒక సైజు పెద్దది తీసిచ్చాడు, హాయిగా ఉందనుకుని తెచ్చుకున్నాను. బుగ్గలు నొక్కాలి సార్. కొత్తలో మాట్లాడితే పళ్ల మధ్య బుగ్గ పడేంత బిగువు ఉండాలి, నెల తిరిగేసరికి మెత్తలు అణిగి సరిపోతుంది. నుదుటి దగ్గర నొప్పి మాత్రం ఉండకూడదు, ఉంటే ఆ ఆకారం మన తలకి పడదు, ఎంత ఖరీదైనదైనా వదిలేయాలి. పరీక్ష చాలా తేలిక. పట్టీ బిగించి, మెడ వెనక అంచు కింద నాలుగు వేళ్లు పెట్టి పైకి నెట్టండి. ముందుకి దొర్లి కళ్ల మీదకొచ్చి ఊడిందంటే, రోడ్డు మీద కూడా అలాగే ఊడుతుంది. ఆ షాపులో నేను ఈ పని చేసి ఉంటే ఆ హెల్మెట్ కొనేవాణ్ణే కాదు.

ఇక చట్టం. నా తల నా ఇష్టం అనే వాదనకి వయసు చాలానే ఉంది. 1935లో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరున్న టి.ఇ. లారెన్స్ బైకు మీంచి పడి ఆరు రోజులకి చనిపోతే, ఆయన్ని చూసిన వైద్యుల్లో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత సైన్యంలో బైకుల మీద తిరిగేవాళ్ల తల గాయాలు లెక్కపెట్టి 1941లో వ్యాసం రాశాడు. బ్రిటిష్ సైన్యం ఆ ఏడాదే తన మనుషులకి హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి మాత్రం బ్రిటన్‌లో ఆ చట్టం 1973లో గానీ రాలేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా 1961లోనే తెచ్చింది. అమెరికాలో కేంద్రం 1966లో నిధులు ఆపుతామంటే రాష్ట్రాలు చట్టాలు చేశాయి, 1976లో ఆ ఒత్తిడి తీసేయగానే చాలా రాష్ట్రాలు వెనక్కి తగ్గాయి, ఇల్లినాయ్, అయోవా, న్యూ హాంప్‌షైర్‌లలో పెద్దవాళ్లకి ఇప్పటికీ ఆ నియమం లేదు. నా ఓటు మాత్రం చట్టానికే. ఎన్నో అధ్యయనాలు కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలో హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తల గాయం ముప్పు 69 శాతం తగ్గుతాయని తేలింది. దీని తర్వాత కూడా ఇష్టాయిష్టాలంటే నాకు ఓపిక లేదు.

కానీ చట్టం అమలయ్యే తీరు చూస్తే చిరాకేస్తుంది. పోలీసు దూరం నుంచి చూసేది తలమీద ఏదో ఒకటుందా అని. మనం కొనేదీ అందుకే, పోలీసు కోసం. వియత్నాంలో 2007 డిసెంబర్ 15న నియమం రాగానే రోడ్లన్నీ హెల్మెట్లతో నిండిపోయాయి, గొప్ప విషయమే, దాని వెనకే టోపీకి ఎక్కువ, హెల్మెట్‌కి తక్కువ అనిపించే సరుకు కూడా వచ్చేసింది. పిల్లల విషయంలో జరిమానా లేకపోయేసరికి అమ్మానాన్నల తలమీద హెల్మెట్, మధ్యలో పిల్లాడి తల ఖాళీ, తర్వాత ఆ లొసుగు మూయాల్సి వచ్చింది. చిత్రం ఏమిటంటే చట్టాలు రాసినవాళ్లకి ఇదంతా తెలుసు. భారత మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కింద వివరణ చదవండి, హెల్మెట్ అంటే పట్టీతో తలకి గట్టిగా బిగించి ఉన్నది అని స్పష్టంగా ఉంది. అంటే పట్టీ వేలాడుతుంటే చట్టం లెక్కలో మన తలమీద హెల్మెట్ లేనట్టే. ఈ మాట చెకింగులో నన్ను ఎవరూ ఇంతవరకు అడగలేదు. ఆపినప్పుడు పట్టీ పెట్టారా అని చూడ్డానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి. నాసిరకం అమ్మేవాణ్ణి వదిలేసి, అది కొన్నవాడి దగ్గర మాత్రమే జరిమానా వసూలు చేస్తే ఆ సరుకు ఆగదు.

అది పోలీసుల పని, మీకు చెప్పి లాభం లేదు. మీ చేతిలో ఉన్నది ఒకటి అడుగుతాను. ఈసారి ‘హెల్మెట్ ఉన్నా’ అని హెడ్డింగు పెట్టేముందు మీ రిపోర్టరుని మూడు విషయాలు అడిగి రాయమనండి: పట్టీ పెట్టుకుని ఉన్నారా, అది ఏ రకం హెల్మెట్, దానిమీద ముద్ర ఉందా. తెలియకపోతే ‘తెలియలేదు’ అని రాసినా చాలు. మా ఆఫీసు ఆయనకి చూపించడానికి నాకు ఆ కటింగు కావాలి.

ఇట్లు,
మీ పాఠకుడు