బండి మారే చోటును నిర్ణయించే తీరుపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: రెండు సర్వీసుల మధ్య ఎక్కడ మారాలో మీ ప్రయాణ యాప్ సరిగా సూచించకపోవడం, ఆ చోటును ఎంచుకునే వీలు ప్రయాణికులకు ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

మీ సంస్థ నడుపుతున్న ప్రయాణ యాప్‌కు నేను చాలాకాలంగా చందాదారును. బస్సు, మెట్రో, లోకల్ రైలు వేళలను ఒకేచోట చూపడంలో మీరు చేస్తున్న కృషి విలువ నాకు తెలుసు. నేరుగా వెళ్లే బండి ఉన్న ప్రయాణాలకు మీ యాప్‌తో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఒక బండి దిగి మరొకటి ఎక్కవలసిన ప్రయాణాల్లో మాత్రం, ఎక్కడ దిగాలన్న ప్రశ్నను అది అసలు ప్రశ్నగానే తీసుకోవడం లేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ మధ్య ఒక సాయంత్రం, మోకాళ్ల నొప్పి వల్ల మెట్లు ఎక్కలేని మా అమ్మగారిని వెంటబెట్టుకొని బయలుదేరాను. మేము ఎక్కిన బస్సూ, తరువాత ఎక్కవలసిన బస్సూ కొంత దూరం వరకు ఒకే రోడ్డు మీద, ఒకే స్టాపుల్లో ఆగుతూ నడుస్తాయి. రెండోది మొదటిదాని వెనుకే వస్తుంది కాబట్టి, ఆ స్టాపుల్లో ఎక్కడ దిగి నిలబడినా మాకు అందే బస్సు ఒకటే, ఇల్లు చేరే వేళా ఒకటే. మీ యాప్ వాటిలో చివరిదైన పెద్ద జంక్షన్‌లో దిగమని చెప్పింది. అక్కడ మొదటి బస్సు జంక్షన్‌కు ఒక పక్క, రెండో బస్సు మరో పక్క ఆగుతాయి. రోడ్డు దాటడానికి మెట్లతో కట్టిన కాలివంతెన తప్ప దారి లేదు. అంతకు ముందు స్టాపులో రెండు బస్సులూ ఒకే షెడ్డు ముందు ఆగుతాయని, దిగినచోటే నిలబడి ఉంటే సరిపోయేదని వంతెన కింద ఒక తోటి ప్రయాణికురాలు చెప్పే సరికి మా బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. తరువాతి బస్సు అరగంటకు గానీ లేదు.

మీ సహాయ విభాగానికి ఈ విషయం తెలియజేస్తే, ఉన్నవాటిలో అతి తక్కువ సమయం పట్టే మార్గాన్నే చూపామని బదులు వచ్చింది. నా ఫిర్యాదు సరిగ్గా ఆ బదులు మీదనే. మొదటి స్టాపులో మారినా, చివరి స్టాపులో మారినా చేరే వేళ ఒకటే అయినప్పుడు, తక్కువ సమయం అన్న కొలత ఆ రెంటి మధ్య తేడాను చెప్పలేదు. వేళ సమానం, మారే సార్లు సమానం అయిన చోట మీ ప్రోగ్రాం దృష్టిలో అన్ని స్టాపులూ ఒక్కటే. వాటిలో ఒకటి తెర మీదికి రావడానికి లెక్కలో అది ఏ వరుసలో వచ్చిందన్నది తప్ప వేరే కారణం ఉన్నట్టు నాకు కనబడలేదు. ప్రయాణికుడికి మాత్రం ఆ తేడాయే అంతా. ఒక స్టాపులో నీడ ఉంటుంది, కూర్చునే బల్ల ఉంటుంది, రాత్రి దీపం ఉంటుంది. మరోదానిలో అవేవీ ఉండవు. జంక్షన్ కంటే రెండు స్టాపుల ముందే దిగినవారికి రెండో బస్సులో సీటు దొరుకుతుంది. జంక్షన్‌లో ఎక్కినవారు నిలబడి వెళ్లాలి. రోజూ ఆ దారిలో తిరిగేవారందరికీ ఈ సంగతులు తెలుసు. కొత్తవారికి తెలియజెప్పడానికే కదా మీ యాప్ ఉన్నది.

మారే చోటు దిక్కును బట్టి కూడా మారుతుందని గమనించగలరు. హాంకాంగ్ మెట్రోలో ఎరుపు లైను, ఆకుపచ్చ లైను పక్కపక్కనే ఉన్న మాంగ్‌కాక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ స్టేషన్లు రెండింటిలోనూ కలుస్తాయి. వెళ్తున్న దిక్కుకే సాగేవారు మాంగ్‌కాక్‌లో మారితే దిగిన ప్లాట్‌ఫారానికి ఎదుటి అంచున రెండో రైలు ఉంటుంది; వచ్చిన దిక్కు వైపు మళ్లేవారికి అదే సౌకర్యం ప్రిన్స్ ఎడ్వర్డ్‌లో ఉంటుంది. అటువారు ఇటు, ఇటువారు అటు దిగితే మరో అంతస్తుకు పోవాలి. పటం మీద రెండు స్టేషన్లూ రెండు లైన్లు కలిసే చుక్కలే అయినా, నడిచే మనిషికి అవి ఒకటి కావు. నిర్మించినవారు అంత ఆలోచించి కట్టిన సౌకర్యం, దారి చూపేవారు ఆ ఆలోచన చేయకపోతే ఎవరికీ అందదు.

ఇంతకంటే పెద్ద లోపం, బండి తప్పిపోతే ఏమవుతుందో మీ యాప్ లెక్కించకపోవడం. ఉదాహరణకు మారడానికి నాలుగు నిమిషాల వ్యవధి ఉందనుకుందాం. రెండో సర్వీసు ఆరు నిమిషాలకొకటి నడుస్తుంటే, తప్పినా పోయేది ఆరు నిమిషాలే. అదే సర్వీసు గంటకొకటి అయి, అయిదు సార్లలో ఒకసారి తప్పిపోయే అవకాశం ఉంటే, సగటున ఒక్కో ప్రయాణానికి పన్నెండు నిమిషాలు నష్టమన్నమాట. అలాంటప్పుడు ఎనిమిది నిమిషాలు ఎక్కువ పట్టినా, మారడానికి తగినంత వ్యవధి ఉన్న మార్గమే మంచిది. మీ యాప్ రెండు సందర్భాలలోనూ అదే నాలుగు నిమిషాల కనెక్షన్‌ను అదే ఆకుపచ్చ రంగులో చూపుతుంది. అది ఆ రాత్రికి ఆఖరి బండి అయినా రంగు మారదు. ఆఖరి బండి తప్పినవారికి మరో దారి దొరికే చోట మారమని చెప్పడం కనీస బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పెద్ద స్టేషన్‌లో మారడమే ఎప్పుడూ మేలు అన్న నమ్మకం మీ సూచనల్లో కనబడుతున్నది. కొన్నిచోట్ల అది నిజమే. స్విట్జర్లాండ్‌లో 1982 నుంచి రైళ్లను గంట గంటకూ అవే నిమిషాలకు నడుపుతున్నారు. 2004 డిసెంబరులో అమలైన రైల్ 2000 టైంటేబుల్‌తో ముఖ్య స్టేషన్లకు రైళ్లన్నీ గంటకు కాస్త ముందు చేరి, గంట దాటగానే బయలుదేరేలా అమర్చారు. జూరిక్, బెర్న్ నగరాల మధ్య ప్రయాణాన్ని గంటలోపుకు తగ్గించడం వెనుక ఉన్న ఉద్దేశమూ ఆ అమరికే. అక్కడ పెద్ద స్టేషన్‌లో మారమనడం సరైన సలహా, ఎందుకంటే వేళల పట్టికనే అందుకోసం అల్లారు. అలాంటి అమరిక లేని చోట పెద్ద స్టేషన్ అంటే ఎక్కువ నడక, ఎక్కువ రద్దీ మాత్రమే కావచ్చు.

ఇవన్నీ యంత్రానికి తెలియని విషయాలని మీరు అనలేరు. ప్రజా రవాణా వేళలను పంచుకోవడానికి ప్రపంచమంతటా వాడే జీటీఎఫ్ఎస్ డేటా నమూనాలో ఒక స్టాపు నుంచి మరో స్టాపుకు మారడానికి కావలసిన కనీస సమయాన్ని సెకన్లలో రాసే గడి ఉంది. ఎక్కవలసిన బండి దిగేవారి కోసం ఆగుతుందా, అసలు ఆ రెంటి మధ్య మారడం వీలుకాదా అన్నది రాసే గడీ ఉంది. స్టేషన్ లోపలి దారుల్లో ఏది మామూలు నడక దారి, ఏది మెట్లదారి, ఏది ఎస్కలేటరు, ఏది లిఫ్టు అని విడివిడిగా చెప్పవచ్చు. మెట్ల సంఖ్యకు కూడా అందులో చోటు ఉంది. రవాణా సంస్థలు ఆ గడులను నింపనప్పుడు మీరేమీ చేయలేకపోవచ్చు. కానీ సమాచారం లేని చోట, ఉన్నట్టు నటిస్తూ ఒకే నిర్ణీత సమయాన్ని అన్ని స్టేషన్లకూ వేసి చూపడం ప్రయాణికులను తప్పుదోవ పట్టించడమే. నిలబడి ఎదురుచూసే నిమిషాన్ని, నడిచే నిమిషాన్ని బండిలో కూర్చున్న నిమిషానికి సుమారు రెట్టింపు భారంగా లెక్కించడం రవాణా ప్రణాళికలు వేసేవారికి ఎంతోకాలంగా ఉన్న అలవాటు. మీ లెక్కలో అన్ని నిమిషాలూ ఒకే తూకం.

మరొక మాట. ప్రయాణం మధ్యలో బస్సు ఒకటి రెండు నిమిషాలు ఆలస్యమైతే మీ యాప్ మారే చోటును ఏ హెచ్చరికా లేకుండా మార్చివేస్తున్నది. ఒక స్టాపు పేరు గుర్తుంచుకొని కూర్చున్నవారు దిగే ముందు తెర చూస్తే వేరే పేరు కనబడుతుంది. ఎందుకు మారిందో ఒక్క వాక్యం కూడా ఉండదు. వృద్ధులతోనో, పసిపిల్లలతోనో, సామానుతోనో ఉన్నవారికి ఇది ఎంత కలవరం కలిగిస్తుందో దయచేసి ఆలోచించండి.

కాబట్టి మీ సంస్థను నేను కోరుతున్నవి ఇవి. రెండు సర్వీసులు ఒకటికంటే ఎక్కువ స్టాపుల్లో కలిసినప్పుడు ఆ స్టాపులన్నింటినీ చూపి, మేము కోరిన చోటును ఎంచుకోనివ్వాలి. ప్రతి కనెక్షన్ పక్కన, అది తప్పితే వచ్చే తరువాతి బండి వేళను స్పష్టంగా రాయాలి. మెట్లు లేకుండా మారాలన్న కోరికను ఒకసారి నమోదు చేస్తే అన్ని ప్రయాణాలకూ అది వర్తించాలి. ఆ సమాచారం లేని స్టేషన్ల విషయంలో లేదని నిజాయితీగా చెప్పాలి. దారిలో మారే చోటును మార్చవలసి వస్తే కారణంతో సహా ముందుగా తెలియజేయాలి. వీటన్నిటిలో ముందుగా చేయవలసినది తరువాతి బండి వేళను చూపడమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ సమాచారం ఇప్పటికే మీ దగ్గర ఉంది.

ముందే సిద్ధం చేసి ఉంచిన జవాబు కాకుండా, మార్గాలను లెక్కించే విభాగంలో పనిచేసేవారు ఈ లేఖ చదివి రాసిన సమాధానం నాకు కావాలి. పైవాటిలో ఏవి చేస్తారో, ఎప్పటికి చేస్తారో, చేయలేనివి ఏవో, ఎందుకు చేయలేరో అందులో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. నా చందా గడువు ముగిసేలోగా ఆ సమాధానం అందితే, దానిని చూసి చందా కొనసాగించాలో లేదో నిర్ణయించుకుంటాను.

ఇట్లు,
మీ యాప్ చందాదారు ఒకరు